సరిగ్గా పడిన చుక్కలు

థీసిస్ సమర్పణకు ఇంకా మూడు రోజులే ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోని అద్దెగదిలో చివరిసారి సరిచూసుకుంటూ మృదుల ఒక అంకె దగ్గర ఆగిపోయింది.

రాగి ద్రావణంలో ముంచిన పలక మీద ఏం జరుగుతుందో లెక్కగట్టడం ఆమె నాలుగేళ్ల పని. కరెంటు ఇస్తే రాగి అయాన్లు పలక వైపు కదిలి పూతగా దిగుతాయి. కరెంటు పెంచుతూ పోతే ఒక దశలో అవి అందుకోలేవు. అప్పుడు హైడ్రోజన్ బుడగలు పోటీకి వస్తాయి. ఆ పోటీ ఎక్కడ మొదలవుతుందో ఆమె ప్రోగ్రాం ముందే చెప్పాలి. అయాన్లు కదిలే వేగాన్ని ఆమె ఒక పట్టికలోంచి తీసుకుంది. ఇప్పుడు చూస్తే అది అరవై డిగ్రీల వరుసలోది. ప్రయోగాలు జరిగింది ఇరవై అయిదు డిగ్రీల దగ్గర.

అంకె మార్చి ప్రోగ్రాంను మళ్లీ నడిపింది. తెర మీది గీత చాలా ముందే వంగింది. ల్యాబ్‌లో ప్రయోగాలు చేసే జగన్ కొలిచి ఇచ్చిన పన్నెండు చుక్కలు మాత్రం పాత గీతనే అంటిపెట్టుకుని ఉన్నాయి.

మూడుసార్లు సరిచూసింది. ఆమె చేసిన పొరపాటు రాగికెలా తెలుస్తుంది? ఆమె ప్రోగ్రాం కాపీ ఉన్నది జగన్ ఒక్కడి దగ్గరే.

అతను ఆమెకు రెండేళ్లు జూనియర్. ప్రయోగాలు అతనివి, లెక్కలు ఆమెవి. ఏడాది కిందట చుక్కలు గీత మీద పడిన రోజు ఆమె ల్యాబ్‌లోనే ఏడ్చేసింది. అతను ఎదురుగా నిలబడి నవ్వాడు. ఆ నవ్వులో ఉన్నది జాలేమోనని, ఇప్పుడు అతన్ని కలవడానికి వెళ్తూ మెట్రోలో కూర్చున్నంతసేపూ తరచి తరచి చూసుకుంది.

ఎల్బీనగర్ స్టేషన్ కింద చాయ్ హోటల్లో అతను ముందే వచ్చి ఉన్నాడు. ఆమె రెండు గీతలున్న కాగితం ముందు పెట్టింది.

“నిజంగా ఎన్ని కొలిచావ్?”

“రెండే అక్కా. గంతలనే మెషిన్ ఖరాబైంది.”

ఆమె రోజూ ఫోన్ చేసి రీడింగులు వచ్చాయా అని అడుగుతుంటే తట్టుకోలేకపోయాడట. ఆమె ప్రోగ్రాంనే నడిపి, వచ్చిన అంకెలను అటూ ఇటూ కాస్త జరిపాడట.

“ఆ రెండూ ఇందులో ఉన్నాయా?”

“లేవు. నీ గీతకు దూరం పడ్డయ్. నీ లెక్క తప్పైతదా అక్కా, నా చెయ్యే తప్పనుకున్న.”

ఫోన్లో నోట్‌బుక్ ఫోటో వెతికి చూపించాడు. ఆ రెండు అంకెలనూ ఆమె పెన్నుతో కాగితం మీద గుర్తుపెట్టింది. రెండూ కొత్త గీత మీద పడ్డాయి.

అవి అప్పుడే చేతికొచ్చి ఉంటే గంటలో తప్పు దొరికేది. నిజం ఒకసారి ఆమెకు జవాబు చెప్పింది. అతను దాన్ని పక్కనపెట్టి, ఆమె గొంతునే ఆమెకు వినిపించాడు. ఆ గొంతు తనదేనని గుర్తుపట్టడం తనకూ ఇష్టం లేకపోయిందేమో. అది తలపుకొచ్చాక అతని ముఖం చూడటం ఇంకా కష్టమైంది.

“పాత అంకెనే ఉంచక్కా. ఎవ్వరు చూస్తరు?”

“నేను చూశాను.”

అతని ఎదుటే గైడుకు మెయిల్ రాయడం మొదలుపెట్టింది.

“నా పేరు రాయకు. సార్ నన్ను ల్యాబ్‌ల ఉంచడు.”

ఆమె వేలు ఆగింది. మొత్తం తన మీదే వేసుకుందామని ఒక్క క్షణం అనిపించింది. మొదటి వాక్యంలో తన తప్పు రాసింది. రెండోదానిలో అతని పేరు, ఏప్రిల్లో అతను కొలిచి పక్కనపెట్టిన రెండు అంకెల సంగతి రాసింది. తర్వాత మొత్తం అతనికి చదివి వినిపించి, పొరపాటేమైనా ఉంటే చెప్పమంది.

“ఆ రెండు మార్చిల కొలిచిన,” అన్నాడు అతను తల వంచుకునే. “ఏప్రిల్ల కాదు.”

ఆమె మెయిల్లో నెల పేరు సరిదిద్ది, పంపేసింది.