చూడకుండా పెట్టిన టిక్కులు

"గ్యాస్ కట్టేశావా?"

చెప్పులేసుకుంటుంటే మా ఆయన లోపల్నుంచి అడిగారు. రెండేళ్లుగా రోజూ అడుగుతారు. నేను రోజూ చెప్పులు విప్పి వంటింట్లోకి వెళ్లి, కట్టేసి ఉన్న నాబ్‌నే మళ్లీ తిప్పి చూసి, సిలిండర్ దగ్గర వంగి వాసన కూడా చూసి వస్తాను. ఇవాళ మూడుసార్లు వెళ్లాను. మూడోసారి అత్తగారు పేపర్లోంచి తలెత్తి, "పోనీలే, జాగ్రత్త మంచిదే. ఆ రోజు ఏదో అదృష్టం బాగుంది" అన్నారు.

ఆ రోజంటే స్టవ్ మీద గిన్నె మాడి, పక్కనున్న గుడ్డ అంటుకుని, వంటింటి గోడ నల్లబడిన రోజు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ గ్యాస్ కట్టకుండా డ్యూటీకి పోయిన ఇల్లాలని చుట్టాలందరిలో నాకు పేరొచ్చింది. "దీనికి ధ్యాస ఇంటిమీద ఉంటేగా" అని మా ఆయన నలుగురిలో నవ్వుతూనే అంటారు. ఆయన చెడ్డవారేమీ కాదు. నాకు జ్వరమొస్తే మాత్ర తెచ్చి నీళ్లతో సహా అందిస్తారు. అందుకే ఆయన మాట నిజమనే అనుకున్నాను.

నేను బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో మూడో లైనుకి చెకర్ని. పొద్దున్నే మెషీన్లు ఆన్ చేయకముందు ఒక్కోదానికీ సూది ముందు గార్డు ఉందో లేదో చూసి రిజిస్టర్లో టిక్కు పెట్టాలి. గార్డంటే వేలు సూది కిందకి పోకుండా అడ్డుండే చిన్న కమ్మీ. అది ఉంటే చేయి నెమ్మదిస్తుంది, గంటకి రావాల్సిన పీసులు రావు. అందుకని సూపర్‌వైజరే స్క్రూడ్రైవర్ తెచ్చి అన్నీ ఊడదీయించి ఒక డబ్బాలో వేసి ఉంచాడు. తనిఖీవాళ్లు వస్తున్నారంటే మళ్లీ బిగిస్తాం. నేను నలభై మెషీన్లకీ సీట్లో కూర్చునే టిక్కులు పెట్టేస్తాను. ఇంట్లో ఒక్క నాబ్‌ని మూడుసార్లు చూసేదాన్ని, ఇక్కడ నలభై సూదుల్లో ఒక్కదాన్నీ చూడను. మనిషి బుద్ధి ఎంత వంకరో అని ఇంకొకళ్ల గురించి అనుకోవడం తేలిక.

మొన్న పదిహేడో మెషీన్ అమ్మాయి చూపుడువేల్లోంచి సూది దిగిపోయింది. ఆమెను అందరం వాగుడుకాయ అంటాం. కుడుతున్నంతసేపూ నోరు ఆడుతూనే ఉంటుంది. ఆ క్షణంలో మాత్రం అరవలేదు. "అక్కా, చొక్కా మీద మరక పడిందే, సార్ తిడతారేమో" అంది.

ఇవాళ సూపర్‌వైజర్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్లమీద టైపు చేసిన కాగితం. గార్డును కార్మికురాలే తన ఇష్టప్రకారం తొలగించుకుందని, ప్రమాదానికి ఆమె నిర్లక్ష్యమే కారణమని. అది పైకి వెళ్తే ఆమెని పనిలోంచి తీసేస్తారు. కింద సాక్షి అని ఒక గీత.

"పెట్టమ్మా సంతకం. లేకపోతే ముందు నీ మెడకే చుట్టుకుంటుంది. గార్డు ఉందని రోజూ టిక్కు పెట్టింది నువ్వేగా?"

ఇతనూ చెడ్డవాడు కాదు. ఆ పిల్లని తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారిపొడుగునా ఏడ్చాడట. ఆ ఏడుపూ నిజమే, ఈ కాగితమూ నిజమే. భోజనాల తర్వాత పెడతానని కాగితం తీసుకుని బయటపడ్డాను.

వాగుడుకాయ ఉండే గది ఫ్యాక్టరీ వెనక సందులోనే. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని మంచం చివర కూర్చుని ఉంది. కాగితం చూపించాను.

"సార్ వచ్చి చెప్పారక్కా. నేనే తీసుంటాను. నాకు తొందరెక్కువ కదా" అంది. "తలుచుకుంటే గుర్తొస్తోంది కూడా, స్క్రూ తిప్పినట్టు."

"నీ దగ్గర స్క్రూడ్రైవర్ ఎక్కడిదే?"

గుర్తు తెచ్చుకోవడానికి కళ్లు మూసుకుంది. "ఎక్కణ్ణుంచో తెచ్చుకునే ఉంటాను."

నాకూ గుర్తుంది, ఆ రోజు పొద్దున అగ్గిపుల్ల గీసి స్టవ్ వెలిగించినట్టు. మా ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడిది? పెళ్లయినప్పట్నుంచీ లైటరే. అప్పట్లో నాది పొద్దున ఆరింటి షిఫ్టు. గిన్నె మాడింది పదకొండింటికి. ఆరింటికి ముందు పొయ్యి మీద పెట్టిన గిన్నె పదకొండు దాకా మాడకుండా ఆగుతుందా? అత్తగారు ఊళ్లో లేరు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నది ఆయనొక్కరే. ఇంత చిన్న సంగతి రెండేళ్లలో ఏ చుట్టానికీ తట్టలేదు. నాకే తట్టలేదు. అబద్ధం చెప్పేవాళ్లంటే ఇంతకుముందు భయపడేదాన్ని. ఇప్పుడు, విని విని మనసు లేనిపోనివి కల్పించుకుంటుందే, దాన్ని చూస్తే భయమేసింది. ఇంకో రెండేళ్లకి ఈ పిల్ల తన వేలు చూపించి, నా తప్పేనని నవ్వుతూ చెబుతుంది.

ఆ మంచం మీదే కాగితం వెనక్కి తిప్పి రాశాను. "గార్డులు ఊడదీయించింది సూపర్‌వైజర్. అవి ఉన్నాయని రోజూ చూడకుండా టిక్కు పెట్టింది నేను." కింద సంతకం పెట్టాను. తీసుకెళ్లి సూపర్‌వైజర్‌కి కాదు, పై ఆఫీసులో ఇచ్చాను. ఇలాంటి కాగితం ఇచ్చినవాళ్లకి రేపు ఏమవుతుందో తెలియదన్నట్టు అక్కడి గుమస్తా నావైపు జాలిగా చూశాడు. సాయంత్రం దాకా ఎవరు పేరు పెట్టి పిలిచినా ఉలిక్కిపడుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున చెప్పులేసుకుంటుంటే లోపల్నుంచి మామూలుగానే వినిపించింది.

"గ్యాస్ కట్టేశావా?"

కాళ్లు వంటింటి వైపు తిరిగాయి. గుమ్మం పట్టుకుని ఆగాను.

"ఇవాళ నేను స్టవ్ వెలిగించలేదండీ" అన్నాను. "ఆ రోజూ వెలిగించలేదు."