ఊఁ కొట్టిన మనిషి

గంభీరం మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినగానే చెవులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ అడుగులు ఆమెకు కొత్త కాదు. ఇద్దరూ కలిసి పెట్టిన పాడ్‌కాస్ట్ స్టూడియోలో ఏళ్ళ తరబడి విన్నవే. నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు కాబట్టి ఆ రంగంలో అందరూ అతన్ని గంభీరం అంటారు. పక్కగదిలో ఫ్యాను బోల్టు వదులైతే ఈ గదిలో కూర్చుని కనిపెట్టేస్తుంది కాబట్టి ఆమెను చెవులమ్మ అంటారు. సరదాకి పెట్టిన పేర్లే గానీ, పెట్టినవాళ్ళకు బుర్ర ఉంది.

"ఎవరక్కా?" అంది లోపలినుంచి చెల్లెలు. అక్క కార్యక్రమానికి శ్రోతలు పంపే మెయిళ్ళు చదివి జవాబులు రాసేది ఆమే.

"ఆ మహానుభావుడే."

"ఏ మొహం పెట్టుకుని వచ్చాడట?"

"ఉన్నది ఒకటేగా. నువ్వు మాత్రం నోరు విప్పకు."

గంభీరం వచ్చి కుర్చీలో వాలి గది నలుమూలలా చూశాడు. గోడలకు దుప్పట్లు వేలాడుతున్నాయి. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గొంతు గోడకు కొట్టుకుని తిరిగి రాకుండా ఆ బీరువాలోని చీరలే కాపలా. ఈ గదిలోంచే వారం వారం 'చెవికి పని' అనే కార్యక్రమం బయటికి వెళ్తుంది. ఏ పాడ్‌కాస్ట్ వినాలో, దేని జోలికి పోకూడదో, ఏ ఆడియో కంపెనీ ఎవరిని కొంటోందో, ఏ స్టూడియో మూతపడుతోందో చెవులమ్మ చెబుతుంది. చివరిదాకా వినందే దేని గురించీ మాట్లాడదని పేరు. అందుకే ఆమె వినమంటే జనం వింటారు.

"ఇంకా దుప్పట్లతోనే నెట్టుకొస్తున్నావా?" అన్నాడు నవ్వుతూ.

"వచ్చిన పనేమిటో చెప్పండి."

"పాత సంగతులు మనసులో పెట్టుకోకు చెవులమ్మా. 'లైన్లో ఉండండి' గురించి నీ కార్యక్రమంలో ఒక్క మంచి మాట చెప్పు. అంతే నేనడిగేది."

లోపల చెల్లెలి చేతిలోంచి గిన్నె జారి పడింది.

'లైన్లో ఉండండి' అనే ఆ పాడ్‌కాస్ట్ సిరీస్ అక్కాచెల్లెళ్ళ పెద్దమ్మ కథ. ఆవిడ టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో పనిచేసి రిటైరైంది. పెళ్ళి కుదిరిన కబురూ, మనిషి పోయిన కబురూ ఆవిడ చేతిమీదుగా ఒకే తీగలో పోయేవి. విన్నవన్నీ కడుపులో దాచుకుని, ముసలితనంలో వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెల్లెలి కూతురికి కాదు, సొంత కూతురికి చెప్పుకున్నట్టు చెప్పుకుంది. అడిగింది చెవులమ్మే, రికార్డు చేసింది చెవులమ్మే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు చెవులమ్మ నేర్పే మొదటి పాఠం ఒకటుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే తల ఊపండి, నోరు మూసుకోండి. మీ ఊఁ వాళ్ళ మాట మీద పడిందా, ఇక దాన్ని విడదీయడం గగనమే. అంత చెప్పే మనిషి పెద్దమ్మ ముందు ఓడిపోయింది. ఊఁ కొట్టకపోతే పెద్దమ్మ కథ ఆపేసేది.

"తల ఊపితే నాకేం వినపడుతుందే? మొహాలు కనపడని వాళ్ళతోనే బతుకంతా మాట్లాడినదాన్ని. ఊఁ అను. లేకపోతే లైను తెగిపోయిందనుకుంటాను."

అందుకని చెవులమ్మ ఊఁ కొట్టింది. నవ్వొచ్చినచోట ఒకలా, ఏడుపొచ్చినచోట ఇంకోలా.

అది విని గంభీరం ఎగతాళి చేశాడు. తర్వాత, "నీ గొంతు పీల. శ్రోతలు నిలబడరు. ప్రశ్నలు నా గొంతుతో మళ్ళీ చదువుతాను, మొదటి భాగానికి మాత్రమే," అన్నాడు. ఆమె సరేనంది. ఆ సరే అన్నందుకు ఈనాటికీ తన చెంప తను వాయించుకోవాలనిపిస్తుంది. పెద్దమ్మ పోయి, చెవులమ్మ ఇల్లు కదలని రోజుల్లో సిరీస్ మొత్తం విడుదలైంది. ప్రశ్నలన్నీ గంభీరం గొంతులో ఉన్నాయి. "మా పెద్దమ్మ ఎదురుగా నేనొక్కడినే కూర్చున్నాను," అంటూ మొదలుపెట్టాడు. మా పెద్దమ్మట! చివర్లో కాఫీ తెచ్చిన వాడికి కూడా కృతజ్ఞతలు ఉన్నాయి, ఆమె పేరు మాత్రం లేదు. అడగబోతే, "రికార్డింగులు స్టూడియో ఆస్తి. దిక్కున్నచోట చెప్పుకో," అన్నాడు. అప్పటికే పాస్‌వర్డులు మారిపోయాయి. పెద్దమ్మ తనతో మాట్లాడిన మాటలు ఆమెకు మళ్ళీ వినే దారి కూడా లేకుండా పోయింది.

ఇప్పుడొచ్చిన అవసరం ఏమిటంటే, చిన్న స్టూడియోలను వరసబెట్టి కొంటున్న పెద్ద ఆడియో కంపెనీ ఒకటి గంభీరం స్టూడియోనూ బేరం చేస్తోంది. అంతా అయ్యాక వాళ్ళకో అనుమానం వచ్చింది. ఇంత పేరున్న సిరీస్ ఊసు 'చెవికి పని'లో ఒక్కసారీ రాలేదేం?

"చెప్తాను," అంది చెవులమ్మ. "పెద్దమ్మ అసలు రికార్డింగులు నాకివ్వండి. ముందు అవి, తర్వాత మాట."

"అవా! మూల పడున్నాయి. తీసుకో."

మర్నాడే డిస్క్ తెచ్చి బల్లమీద పడేశాడు.

"కాపీ ఉంచుకున్నారా?"

"ఆ చెత్త నాకెందుకు? చోటు దండగ." కలిసి పనిచేసిన రోజుల్లో కాపీలు తీసి దాచే పని ఎప్పుడూ చెవులమ్మదే. అతనికి ఆ ధ్యాసే ఉండేది కాదు. "మరి మంచి మాటే చెప్తావుగా?"

"తప్పక వినమని చెప్తాను. మాట తప్పడం నాకు రాదు."

అతను మెట్లు దిగాడో లేదో చెల్లెలు విరుచుకుపడింది. "నీకు సిగ్గుందా అక్కా? మన పెద్దమ్మను మింగి కూర్చున్నవాడికి భజన చేస్తావా? మైకు ముందు కడిగి పారెయ్యక!"

"నేను కడిగితే కుళ్ళుబోతుతనం అంటారు. ఆగు."

డిస్క్ పెట్టి విన్నారు. వంటింట్లో కుక్కరు కూత, కుర్చీ లాగిన చప్పుడు, తర్వాత పెద్దమ్మ. "ఏమే, లైన్లో ఉన్నావా?" వెంటనే చెవులమ్మ గొంతే, పీలగా, "ఉన్నా పెద్దమ్మా, చెప్పు." అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఏడుపు తగ్గాక చెవులమ్మ కళ్ళు తుడుచుకుని సిరీస్ కూడా పెట్టి, హెడ్‌ఫోన్స్‌లో మొదటినుంచి చివరిదాకా వింది. న్యాయం జరగాలని ఆమె కోరుకోలేదు. అబద్ధమెందుకు, వాడు కుమిలి కుమిలి ఏడవాలని కోరుకుంది. వింటుంటే దానికి దారి దొరికింది.

ఆ వారం మైకు ముందు కూర్చుని తేనె పూసిన గొంతుతో మొదలుపెట్టింది.

"ఈ వారం తప్పక వినాల్సింది 'లైన్లో ఉండండి'. ఇంత మంచి కథ చెప్పే మనిషి మళ్ళీ దొరకదు. స్పీకర్లో వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. చెప్పే ఆవిడ గొంతు కింద సన్నగా ఇంకో గొంతు ఉంటుంది. ఊఁ కొడుతూ ఉంటుంది. కథ నవ్వితే నవ్వుతుంది, కథ తడబడితే ఓపిక పడుతుంది. చెప్పేవాళ్ళు ఎవరికోసం చెబుతున్నారో ఆ ఊఁ వింటే తెలుస్తుంది. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇక ప్రశ్నలడిగే మన గంభీరంగారి గొంతు మీకు బాగా తెలిసిందే. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని విని చూడండి."

అంతే. తిట్టు లేదు, నింద లేదు.

మొదటి వాక్యం దగ్గరే గంభీరం ఆపేసినట్టున్నాడు. కాసేపట్లో "నీ ఉపకారం మరిచిపోను" అని మెసేజీ, వెనకే ఒక పూలగుత్తి వచ్చాయి. ఎవరు చెప్పేదీ చివరిదాకా వినే అలవాటు ఆ మనిషికి పుట్టినప్పటినుంచీ లేదు.

శ్రోతలు మాత్రం విన్నారు. చెల్లెలు మెయిళ్ళు తెరిచి చదువుతుంటే అక్క కళ్ళు మూసుకుని విస్తరి ముందు కూర్చున్నట్టు కూర్చుంది. "ఊఁ అంటున్నది ఆడగొంతు కదా, ఒక్కడినే ఉన్నానన్నాడేం?" అని ఒకరు. "ప్రశ్నలు వేరే గదిలో చదివినట్టున్నాయి, కుక్కరు కూత సగంలో తెగిపోతోంది," అని ఇంకొకరు. ఎవరో తీరుబడి ఉన్నవాళ్ళు ఆ ఊఁలన్నీ వరసగా అతికించి, చివర గంభీరం దగ్గు ఒకటి తగిలించి వదిలారు. అది నవ్వుల పాటగా ఊరూరా తిరిగింది.

గంభీరం ముందు ఆ ఊఁ తనదేనన్నాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తర్వాత పక్కింటావిడదన్నాడు. పక్కింటావిడను పిలిపించమన్నారు. కంపెనీవాళ్ళు ఒక్క మాటలో తేల్చేశారు. అసలు రికార్డింగులూ, ఆ ఊఁ కొట్టిన మనిషి ఒప్పుకోలూ తెస్తే బేరం, లేకపోతే లేదు.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. చెవులమ్మ అప్పటికే పెద్దమ్మ మాటల్ని మళ్ళీ మొదటినుంచి కూర్చుతోంది, ఈసారి తన ప్రశ్నలతో, తన పీల గొంతుతో. హెడ్‌ఫోన్స్ తీసి, ఫోను స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచింది. చెల్లెలు వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"అమ్మా, నేనండీ," అన్నాడు గంభీరం. ఇన్నేళ్ళలో ఆమెను అతను మర్యాదగా పిలవడం అదే మొదటిసారి. "మీకు చాలా అన్యాయం చేశాను."

"ఊఁ," అంది చెవులమ్మ.

"ఆ రోజుల్లో పేరు పిచ్చి పట్టింది. కళ్ళు నెత్తికెక్కాయి."

"ఊఁ."

అడిగేవాడికి ఆశ పుట్టేలా, మెత్తగా, సాగదీసి అంది. అతను ఇంకా చెప్పుకున్నాడు. స్టాఫ్ మానేసి పోతున్నారట, బయటికెళ్తే పిల్లలు దగ్గి వెక్కిరిస్తున్నారట, ఇంట్లో భార్య కూడా మాట్లాడటం లేదట. నూతిలోంచి వచ్చే ఆ గొంతు చివరికి నిజంగానే నూతిలో పడ్డవాడి గొంతైంది. చెల్లెలికే ఒక్క క్షణం జాలేసినట్టయింది. చెవులమ్మకు వేయలేదు. ఒక్కో మాటా పెద్దమ్మ ఎదుట కూర్చున్నంత శ్రద్ధగా వింది. సందు దొరికినచోటల్లా ఊఁ కొట్టింది.

"మీ పేరు ముందు పెడతాను, నాది వెనక. అసలు నాది లేకపోయినా ఫర్వాలేదు. ఆ డిస్క్ తీసుకుని ఒక్కసారి మీరొచ్చి, సరే అనండి. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. వస్తారు కదమ్మా?"

చెవులమ్మ మాట్లాడలేదు.

"హలో? అమ్మా? హలో... లైన్లో ఉన్నారా?"

అతని ఊపిరి గది నిండా వినిపిస్తోంది. ఆమె ఫోను పెట్టేయలేదు. వింటూనే ఉంది. ఊఁ మాత్రం అనలేదు.