తూర్పు వైపు జాగా

డ్రిల్లు మాస్టారు రిటైరై చాలా కాలమైనా ఆయన గొంతు మాత్రం రిటైరవలేదు. వీధి మొదట్లో ఆయన కేకేస్తే చివరింటివాళ్ళు కూడా తమకి తెలియకుండానే నిటారుగా నిలబడేవారు. అందుకే, ఆ పాత వీధిలో ఇకమీద పదంతస్తులు కట్టుకోవచ్చని నగరపాలక సంస్థ కొత్త రూలు తెస్తోందనగానే దాన్ని అడ్డుకోమని అందరూ ఆయన్నే ముందుకు తోశారు. తోయకపోయినా వెళ్ళేవారే. ఆయనింటికి తూర్పు పక్కనున్న పెంకుటింటిని ఒక బిల్డరు అప్పటికే కొనేశాడు. పక్షవాతంతో మంచం పట్టిన మాస్టారి భార్యకి లోకమంటూ మిగిలింది ఆ వైపు కిటికీ ఒక్కటే. పొద్దుటి ఎండ, పెంకుల మీదుగా కనిపించే అవతలి డాబా, అక్కడ బట్టలారేసే కోడలు, ఆ కోడలి మీద విరుచుకుపడే అత్త. పదంతస్తులు లేస్తే ఇక కనిపించేది సిమెంటే.

అభ్యంతరాలు రాయించడానికి మాస్టారు ఇంటింటికీ కాళ్ళరిగేలా తిరిగారు.

"నేను లేనూ మాస్టారూ!" అంది బేకరీ పిన్ని.

"ప్రాణం పోయినా సరే," అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని ప్రాణం ఎవరడిగారని!

అభ్యంతరం చెప్పినవాళ్ళ ఇళ్ళకి ముందుగా నగరపాలక సంస్థ కొలతలవాళ్ళు వచ్చారు. గోడకీ గోడకీ మధ్య ఎంత జాగా వదిలారని టేపు పట్టి చూశారు. ఏముంది చూడడానికి? ఆ జాగాలోనే పిన్నిగారి పొయ్యి గది, ఎలక్ట్రీషియన్‌గారి మేడమెట్లు. వీధి వీధంతా ఎవరికి వాళ్ళు చల్లగా మింగి కూర్చున్నవాళ్ళే! అభ్యంతరాలు వినే విచారణ రోజుకి పిన్నికి జ్వరం తగులుకుంది, ఎలక్ట్రీషియన్ ఫోనెత్తలేదు. అన్ని కుర్చీలున్న హాల్లో మాస్టారొక్కరే గొంతు చించుకున్నారు.

ఆఫీసరమ్మ ఓపిగ్గా వింది. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చింది.

"ఒక్క మాట అడగనా మాస్టారూ? మీ తూర్పు గోడకి ఆనించి కట్టిన బాత్రూం కూడా వదలాల్సిన జాగాలోనే ఉంది కదండీ?"

"అది... మా ఆవిడ కోసమమ్మా. నడవలేదు." ఆ మాట ముందు వరసకి కూడా వినపడి ఉండదు.

"పాత రూలే ఉండాలంటే దాన్ని కొట్టేయాలండీ. కొత్త రూల్లో ఆ జాగా వదలక్కర్లేదు. అది ఉండిపోతుంది."

ఆవిడ బెదిరించలేదు. బెదిరించినా బాగుండేది, మాస్టారు ఎదురుతిరిగేవారు. ఉన్నమాట చెప్పిందంతే. ఆ బాత్రూం కట్టకముందు, పెరట్లోకి మోయించుకోవడం నామోషీ అనిపించి, భార్య మంచినీళ్ళు తాగడమే మానేసింది. పెదవులు పగిలినా తాగేది కాదు.

"నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు మాస్టారు. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చేసరికి భార్య ఎదురుచూస్తోంది.

"ఏమైందండీ? బాగా అరిచారా?"

"అరిచాను."

"మరి?"

"బాత్రూం జోలికి రారట."

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పనిది అర్థం చేసుకోవడం ఆవిడకి కొత్త కాదు. అవతలి డాబా మీద కోడలు బట్టలు తీస్తూ ఉంటే, ఆఖరి చీర తీసేదాకా చూసింది.

"మంచం ఇటు తిప్పండి," అంది.

"ఎటు?"

"ఈ గోడ వైపుకి. వాళ్ళు కట్టేలోగా అలవాటు చేసుకుంటాను."

మాస్టారు వంగి, కాళ్ళ వైపు పట్టుకుని మంచం లాగారు.