ఒక్క పొర

నాచారంలో ఫ్యాక్టరీ షెడ్డు కోసం పల్లంలో మొరం మట్టి నింపే పని నా బావమరిది కామరాజు పట్టాడు. రోలర్ నడిపేది నేను. పల్లం పొడవు, వెడల్పు, లోతు కొలిచి, అంతకు సరిపడా టిప్పర్లు చాలని వాడు సేటుకు మాట ఇచ్చేశాడు. టిప్పర్‌లో మొరం పొంగి ఉంటుంది. జానెడు మందాన పరిచి, నీళ్లు కొట్టి తొక్కిస్తే నాలుగో వంతు అణిగిపోతుంది. ఆ అణిగేది వాడు లెక్కలో వేసుకోలేదు.

పొరలుగా తొక్కిస్తే మొరం చాలదు. నేను చర్లపల్లి పనికి పోయి వచ్చేసరికి మొత్తం ఒకేసారి పోయించి ఉంచాడు. పైన నీళ్లు చల్లించి తొక్కమన్నాడు. తొక్కాను.

మర్నాడు ఇంజనీరు ఛాయాదేవి పరీక్షకు రావాలి. తప్పిందంటే వాడి పని పోతుంది. ఆ సేటు మళ్లీ గేటు లోపలికి రానివ్వడు.

పొద్దున్నే వాడు నాకు చాయ్ తెచ్చాడు. ఎన్నడూ తేనివాడు.

"బావా, మేడం మీద మీదనే సూస్తది, పాసైతది. నిన్ను అడిగితే పొరలు పొరలుగనే తొక్కిన అను. అక్క మొకం సూసి."

"అక్క మొకం నువ్వెప్పుడు సూసినవ్‌రా? జేసీబీ మీదికెల్లా?"

వాడు చాయ్ గ్లాసు రోలర్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఉప్పల్ స్టేడియం కడుతున్న ఏడాది నా భార్య సత్తమ్మ పోయింది. అందరూ పిడికెడు మన్ను వేసేదాకా కూడా వీడు ఆగలేదు. సైటుకు ఆలస్యమవుతుందని జేసీబీ తెప్పించి ఒక్క తోపులో గుంత పూడ్పించాడు. బకెట్‌తో పైన రెండు దెబ్బలు కొట్టించి, మస్తు గట్టిగైంది అన్నాడు. మొదటి వానకే మోకాలి లోతు కుంగింది. అప్పటి నుంచి వాన పడ్డప్పుడల్లా గంపతో మన్ను మోస్తున్నాను.

ఛాయాదేవి వచ్చింది. పైన చిన్న గుంత తీయించి, ఆ మట్టి తూచి, గుంతలో ఇసుక పోసి, మొరం ఎంత గట్టిగా అణిగిందో కొలిచింది. పాసైంది. సామాను సర్దుకుంటూ, ఎన్ని పొరలు తొక్కావని నన్ను అడిగింది.

కామరాజు నా వైపు చూశాడు. వాడివి వాళ్ల అక్క కళ్లే. నాకు అదీ కోపమే.

"ఒక్కటే మేడం. లోపలికి తవ్వి సూడున్రి."

తవ్వించింది. మోచేతి లోతు దాటగానే గడ్డపార దానంతటదే దిగిపోయింది. అంతా ఎత్తి మళ్లీ వేయాలంది. సేటు ఆ పని ఇంకొకరికి ఇచ్చాడు. వాడితో పాటు నా పనీ పోయింది.

గేటు దగ్గర వాడు అడిగాడు.

"ఇప్పుడన్న సల్లవడ్డవా బావా?"

లేదన్నాను. నిజంగానే లేదు.

ఆ వారంలో వాన కొట్టింది. గంప తీసుకుని ఉప్పల్ శ్మశానానికి పోయాను. కామరాజు ముందే వచ్చి ఉన్నాడు. కుంగిన చోట జానెడు మన్ను పరిచి, చెప్పులు విడిచి, దిమ్మిసతో కొడుతున్నాడు. నన్ను చూసి ఆగాడు.

వంగి, కొట్టిన చోట బొటనవేలితో నొక్కాను. వేలు దిగింది.

"మళ్ల కొట్టు" అన్నాను.