ఆగితే మరిగే కారు

నేను ఒక పాత కారును. పుట్టి ఇరవై ఎనిమిదేళ్ళయింది. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున నాది మీగడ రంగు. ఇప్పుడు ఏ రంగంటే, చూసేవాళ్ళ మర్యాదను బట్టి ఉంటుంది. మొదట నన్ను కొన్న హోమియో డాక్టరు గారు నాకు నాలుగో గేరు ఉందని తెలియకుండానే కన్నుమూశారు. తర్వాత ఒక వంటల కాంట్రాక్టరు నా వెనక సీటు పీకేసి గుండిగలు మోయించాడు. ఆయన పుణ్యమా అని ఎండలో నిలబెడితే నాలోంచి ఇప్పటికీ పులిహోర వాసన వస్తుంది. పోయి పోయి కాకినాడలో పెద్దిరాజు గారి చేతిలో పడ్డాను. వెనక సీటు తిరిగొచ్చింది. ఆయన దగ్గరే కొన్నాళ్ళకు జబ్బూ వచ్చింది.

పెద్దిరాజు గారు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. యాభై ఆరేళ్ళ మనిషి, భార్య పోయి పదేళ్ళయింది. గేదె పక్కన నిలబడి డొక్క తడిమితే దాని బాధేమిటో చెప్పేస్తారు గానీ, నా బాధ మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. తాళ్ళరేవు రోడ్డు మీద ఎనభైలో పరిగెత్తించినా నేను నిమ్మళంగా ఉంటాను. భానుగుడి సెంటర్లో రెండు నిమిషాలు ఆగానంటే మాత్రం వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి ఎగబాకుతుంది, ముందు నుంచి ఆవిరి బుస్సుమంటుంది. ఒక మెకానిక్కు రేడియేటర్ కడిగాడు. ఇంకొకడు దాని మూత మార్చాడు. మూడోవాడు థర్మోస్టాట్ మార్చాడు, నాలుగోవాడు దాన్నే మళ్ళీ మార్చాడు. నలుగురూ నన్ను ఖాళీ రోడ్డు మీద తిప్పి చూసి, బ్రహ్మాండంగా ఉందన్నారు.

ఆ వీధిలోనే హైమవతి గారని మునిసిపల్ హైస్కూల్లో ఫిజిక్సు చెప్పే టీచరు ఉండేవారు. ఆవిడా ఒంటరి మనిషే. ఒక వానరోజు పెద్దిరాజు గారు ఆవిడను స్కూలు దగ్గర ఎక్కించుకున్నారు. భానుగుడిలో నేను మరిగాను. చల్లారేదాకా అరగంట ఇద్దరూ మాట్లాడుకున్నారు. మరునాడూ అంతే. ఆపైన వారానికి మూడుసార్లు. మొదట్లో పదో తరగతి పిల్లల గురించి, గేదెల గురించి. చలికాలం వచ్చేసరికి ఒకరి గురించి ఒకరు. మనుషులు చిత్రమైనవాళ్ళు. బండి నడుస్తున్నంతసేపూ రోడ్డునే చూస్తారు, ఆగిపోయాక గానీ పక్కసీటు కేసి చూడరు. అయిదో మెకానిక్కు మాట పెద్దిరాజు గారు ఎత్తనే లేదు. అంత ఫిజిక్సు చదివిన ఆవిడ కూడా ఒక్కసారైనా బానెట్ తెరవమనలేదు. నేను అడగదల్చుకోలేదు.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో అనుకున్నారు. రెండుసార్లు రోజు కుదిరింది, రెండుసార్లూ స్టాఫు రూములో ఏమనుకుంటారోనని హైమవతి గారే వాయిదా వేశారు. మూడోసారి మే నెలలో కుదిరింది. ఒంటిగంట దాటితే ఆ అధికారి పదిహేను రోజులు సెలవు మీద వెళ్ళిపోతాడట. సాక్షులు ముందే వెళ్ళి కూర్చున్నారు. పదకొండున్నరకు మేము బయల్దేరాం. వెనక సీట్లో పెద్దిరాజు గారి అక్క బంగారమ్మ గారు, ఆవిడ ఒళ్ళో రెండు పూలదండలు.

భానుగుడిలో ఏదో ఊరేగింపు. ముందు బస్సు, వెనక బస్సు, మధ్యలో నేను. ముల్లు లేవనే లేచింది. అప్పుడు హైమవతి గారు చెయ్యి చాచి హీటర్ వేశారు. ఇంజను వేడిని కొంత లోపలికి లాగితే అది కాస్త తేరుకుంటుందని చెప్పారు. మే నెల మిట్టమధ్యాహ్నం, పట్టుచీరలు, మొహం మీదికి వేడిగాలి.

"మీ పెళ్ళేమో గానీ నేను మటుకు ఆవిరికుడుమైపోతన్నానే తల్లీ," అన్నారు బంగారమ్మ గారు, దండలు కిటికీ బయట పట్టుకుని.

ముల్లు వెంట్రుకవాసి దిగింది. ముందు బస్సు కాస్త జరగగానే రోడ్డు వారన కొబ్బరిబొండాల బండి పక్కకు చేరాం. పెద్దిరాజు గారు దిగి, తువ్వాలుతో రేడియేటర్ మూత పట్టుకోబోయారు. హైమవతి గారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ మూత ఇప్పుడు తీస్తే ఒళ్ళు కాలిపోతుందన్నారు. నలుగురిలో ఆవిడ ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. వదలడం ఇద్దరూ కాసేపు మర్చిపోయారు.

ఆయన నీరుగారిపోయి, పోనీ ఇంకోరోజు పెట్టుకుందామా అన్నారు.

"ఇవాళ వెనక్కెళ్తే నాకు మళ్ళీ ధైర్యం రాదండి," అన్నారావిడ. "పరిగెత్తితే బానే ఉంటోంది, ఆగితే మరుగుతోంది. ఇది నీళ్ళ జబ్బు కాదు, గాలి జబ్బు. ఏదైనా కాగితం ఇవ్వండి."

ఇంజను ఆపినా నా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. చేతికందింది పెళ్ళికొడుకు ఆధార్ జిరాక్సే. ఆవిడ దాన్ని నా ముందు జాలీ దగ్గర పెట్టారు. ఫ్యాన్ బయటిగాలిని లోపలికి పీల్చాలి కదా, కాగితం జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. గాలిపటంలా లేచి, ఆటో మీద నుంచి దూకి, స్కూటరు కింద పడింది. ట్రాఫిక్ కానిస్టేబులు ఊరేగింపు వదిలేసి దాని వెంటపడి పట్టుకొచ్చాడు.

పోయినేడు నా పాత ఫ్యాన్ మోటారు కాలిపోతే కొత్తది బిగించినవాడు రెండు వైర్లూ అటూ ఇటూ కలిపాడు. ఏడాదిగా నేను ప్రాణం పెట్టి, రేయింబవళ్ళు, తప్పు వైపు ఊదుతున్నానన్నమాట. సిగ్గుతో ఇంకో రెండు డిగ్రీలు ఎక్కి ఉంటాను.

పెద్దిరాజు గారు బ్యాటరీ వైరు ఊడదీశారు. హైమవతి గారు జడలోంచి పిన్ను తీసి, ఫ్యాన్ వైర్లను విప్పి తారుమారు చేశారు. బ్యాటరీ మళ్ళీ తగిలించి, ఈసారి ఆవిడ తన జిరాక్సే పెట్టారు. ఠపీమని అతుక్కుంది. జాలీ మీద నుంచి ఆవిడ ఫోటో బజారంతటినీ కోపంగా చూసింది. బొండాలవాడు కత్తి పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టాడు.

నేను చల్లారాక నీళ్ళు పోసి బయల్దేరితే, ఆఫీసు చేరేసరికి ఒంటిగంటకు పది నిమిషాలు. లోపల జరిగింది నేను చూడలేదు, బంగారమ్మ గారు తర్వాత వందమందికి చెప్పగా విన్నాను. పెళ్ళికొడుకు కాగితం మీద టైరు ముద్ర ఏమిటని రిజిస్ట్రారు అడిగాడట. పెళ్ళికూతురి వేలిముద్రకు సిరా అక్కర్లేకపోయిందట, గ్రీజు సరిపోయింది.

దండలతో బయటికొచ్చాక పెద్దిరాజు గారు బైపాసు మీదుగా ఇంటికెళ్దామన్నారు, రోడ్డు ఖాళీగా ఉంటుందని.

"మెయిన్ రోడ్డు మీదుగానే పోనివ్వండి," అన్నారు హైమవతి గారు.

"అక్కడ ట్రాఫిక్ అండీ."

"అందుకేనండి."

మొదటి సిగ్నల్లోనే ఎర్రలైటు పడింది. ముల్లు మధ్యలో కదలకుండా నిలబడింది. కాసేపటికి పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగుతున్నాయి. నా ఇంజను చల్లగా, సిద్ధంగా ఉంది. ముందు సీట్లో ఆ ఇద్దరూ మాత్రం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.