గుండీకి అరగంట

ఏడు నలభైకి బడి ఆటో వస్తుంది కాబట్టి ఏడున్నరకే నిర్మల కూతురి చొక్కాకు గుండీలు పెట్టేస్తుంది. హాసినికి ఎనిమిదేళ్లు. గుండీ పట్టుకుంటే కాజా దొరకదు, కాజా దొరికితే గుండీ జారిపోతుంది. అన్నం ముద్ద నోటికంటే ముందు ఒళ్లోకి చేరుతుంది. పెళ్లికి ముందు హన్మకొండలో బ్లౌజులు కుట్టి చేయి తిరిగిన మనిషికి ఇట్లాంటి పిల్ల పుట్టడమేమిటని అత్త సమ్మమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆమే మొక్కుకొని మేడారం జాతరలో పిల్ల ఎత్తు బెల్లం తూకం వేసి, అక్కడ బంగారమని పిలిచే ఆ బెల్లాన్ని వనదేవతలకు సమర్పించింది. చేతులు బాగుపడలేదు. తప్పు వనదేవతల మీద వేయలేరు కదా, కోడలి మీద వేశారు. మొక్కు తీరకముందే జాతరలో చాయ్ తాగిందట.

రాత మెరుగుపడకపోతే మళ్లీ మూడో తరగతిలోనే ఉంచేస్తామని ఈమధ్య బడివాళ్లు చెప్పారు. నిర్మల పిల్లను దవాఖానకు తీసుకెళ్లింది. అక్కడ పిల్లల చేతులకు పని నేర్పే పద్మలత మేడం, చేయి కదిలే ముందు ఆ కదలిక మనసులో మెదలాలని, ఇట్లాంటి పిల్లల్లో కొందరికి అదే సరిగా రాదని వివరించింది. హాసినిని కళ్లు మూసుకోమంది.

"నువ్వు గుండీ పెట్టుకుంటున్నవ్ అనుకో బిడ్డా. నీ చేతులు ఎట్ల కనబడుతున్నయ్?"

పిల్ల కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. "నా చేతులు లెవ్వు మేడం. అమ్మయే ఉన్నయ్."

నిర్మలకు తల కొట్టేసినట్టయింది. మేడం రోజూ ఒక అరగంట పిల్లనే పెట్టుకోనివ్వమంది, మీరు మాత్రం చేయి పెట్టొద్దంది.

మరునాడు నిర్మల అయిదింటికే లేచింది. చాయ్, టిఫిన్, భర్త మహిపాల్ డ్యూటీ డబ్బా ముగించి ఏడింటికల్లా కూతురి ముందు కూర్చుంది. చేతులు తొడల కింద పెట్టుకుంది. మొదటి గుండీ పది నిమిషాలకు పట్టింది. హాసిని నవ్వింది. అంతలో కాజీపేటలో డ్యూటీకి టైమైందని మహిపాల్ సాక్సులు అడిగాడు. బీపీ గోలీలు వేసుకోవడానికి అత్త వేడినీళ్లు అడిగింది. రెండుసార్లు లేచి వచ్చేసరికి ఆటో హారన్ కొడుతోంది.

"పనిలేనట్టు కూసున్నవ్. జల్ది పెట్టి పంపియ్ రాదు?" అన్నాడు మహిపాల్.

మిగిలిన గుండీలు నిర్మల క్షణంలో పెట్టేసింది. హాసిని మారాం చేయలేదు. అలవాటుగా గడ్డం పైకెత్తి నిలబడింది. అది చూసే నిర్మలకు ఏడుపొచ్చింది.

ఆటో పోయాక గడపలో కూర్చుని తనూ కళ్లు మూసుకుంది. రేపు ఎవరు ఏది అడిగినా లేవకుండా కూతురి ముందే కూర్చున్నట్టు ఊహించుకోవాలనుకుంది. హాసిని కనిపించింది, చొక్కా కనిపించింది. ఎంత ప్రయత్నించినా, కూర్చున్న నిర్మల కనిపించలేదు.