ఒకే ముఖం, రెండు పేర్లు

ఆనంద్ కుమార్ ఫోన్ ఎత్తడం లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కినప్పటి నుంచి చేస్తూనే ఉన్నాను. ఎల్బీనగర్‌లో ఫ్రేములు కట్టే మనిషి ఫోన్ ఎత్తకుండా ఏం చేస్తుంటాడు? కోస్తుంటాడు. మా అక్క పెళ్లి ఫోటోకి అంచులు కోసి కట్టింది అతనేనని అమ్మ చెప్పేదాకా ఆ భయం నాకు తట్టలేదు.

అతని దగ్గరున్నవి మా కాలేజీలో పాఠాలు చెప్పే ఇందిరాదేవి మేడం పాత అచ్చు బొమ్మలు. ఎప్పుడో యూరప్‌లో అచ్చైన తుర్కీ సుల్తాన్లు, ఇద్దరు. రేకు మీద ఆ బొమ్మ చెక్కినవాడు సుల్తాన్లను ఎన్నడూ చూడలేదు. ఒకే రాగిరేకును రెండుసార్లు అచ్చేసి, కింద ఒకదానికి మురాద్ అని, ఇంకోదానికి సెలీమ్ అని పేరు పెట్టాడు. రేపు కాలేజీ ప్రదర్శనలో నేను మాట్లాడబోయేది ఆ మోసం గురించే. ఎవరినీ ముట్టుకోనివ్వని బొమ్మలను మేడం నన్ను నమ్మి ఇచ్చారు. ఆనంద్ కుమార్‌కి "ఎగ్జిబిషన్‌లో పెడతాం, నీటుగా కట్టు" అని మాత్రం చెప్పి వచ్చేసిన తెలివి నాది.

దుకాణంలోకి దూసుకెళ్లేసరికి బొమ్మలు బల్ల మీద ఉన్నాయి. కింద అంచు లేదు. పేర్లు లేవు.

"ఏం చేశావయ్యా!" అని అరిచాను.

"పరేషాన్ గాకుండ్రి మేడం. కింద పేరుంటే పోయినోళ్ల ఫోటో లెక్క కొడ్తది. ఎగ్జిబిషన్ల పెడ్తమంటిరి గదా, మంచిగుండదని రెండిట్ని ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక్కపారే కోసిన."

"వాళ్లు పోయినవాళ్లేనయ్యా! పోయి వందల ఏళ్లయింది!"

అతని ముఖం పాలిపోయింది. చెత్తబుట్టను నేల మీద బోర్లించాడు. నేనూ కూలబడి వెతికాను. ఎవరెవరి ఫోటోల అంచులో చేతికొచ్చాయి. చివరికి రెండు పేర్లూ దొరికాయి, చిరగకుండా. పోయిన ప్రాణం లేచొచ్చింది.

"కనిపియ్యకుండ అతికిస్త మేడం," అంటూ జిగురు బ్రష్ తీశాడు. "చెప్పుండ్రి, ఏ పేరు ఏ సాబ్‌ది?"

చూశాను. తలపాగా అదే, గడ్డం అదే. కాగితం అదే, కోత అదే. ముక్కను దీని కింద పెట్టాను, దాని కింద పెట్టాను. ఎక్కడ పెట్టినా సరిగ్గానే కూర్చుంది.

"ఏదైతే ఏంది మేడం, ఎవరికెరుక?"

నిజమే, ఎవరికీ తెలియదు. ఆ చెక్కినవాడూ ఇలాగే అనుకుని ఉంటాడు. వాణ్ణి తిట్టిపోయడానికే నేను పేజీలకు పేజీలు రాసుకున్నాను.

ఫోన్ మోగింది. మేడం.

"ఏమ్మా మృదులా, నా సుల్తాన్లు క్షేమమేనా?"

ఆనంద్ కుమార్ చేతిలోంచి బ్రష్ లాక్కున్నాను.

"లేదు మేడం," అన్నాను.